చచ్చుబడిన చేతికి మరల నేర్పుట
నూతన యంత్రసాధనములు – మన కర్తవ్యము

(వార్షిక మహాసభ రెండవనాటి సమావేశమున నొసంగిన యుపన్యాసము)



మార్కండేయ మహర్షి వంశమువారమనియు, భావనాఋషి మన మూలపురుషుడనియు పెద్దలు చెప్పుచు వచ్చిరి. ఆ భావనాఋషి తామరతూడుల నూలుతో వస్త్రము నేసెనను గాథ నెఱుగని పిల్లవాడు మన యిండ్లలో నుండడు. గాథ సంగతి యట్లుండనిండు. దానియందలి తాత్పర్య మొక్కటి నిజము. మనలో పెక్కుమందికి భూములు లేవు, జాగీరులు లేవు. మనకున్న యాస్తి రెండు చేతులు. పడుగు చేసినను, నాడె విసరినను, ఆసు పోసినను, కండె చుట్టినను ఆ చేతులే. మగ్గము విడిచి పట్టణమునకు వచ్చి కార్ఖానాలలో జేరిన మనవారికిని ఆ చేతులే యాధారము. అట్టి చేయి యొకనాటి యుదయమున లేవక, పక్కమీద కట్టెవలె పడియున్నచో నా కుటుంబము గతి యేమి? ఈ ప్రశ్ననే సభవారి యెదుట నుంచుటకు మేము వచ్చితిమి.

పక్షవాతము, తలకు దగిలిన గాయము, వెన్నుపాము దెబ్బ, పార్కిన్సన్ వ్యాధి మున్నగువానిని నాడీమండల వ్యాధులందురు. ప్రాణము నిలిచిన పిదప, పోయిన నడకను, మాటను, చేతిపట్టును మరల నేర్పు చికిత్సకు పునరావాస చికిత్స యని పేరు. ఇందు ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, స్పీచ్ థెరపీ యను శాఖలు ముఖ్యములు. ఇటీవలి కాలమున నీ చికిత్సకు వీడియో కాల్, స్మార్ట్‌ఫోను యాప్, చేతికి దొడుగు సెన్సారు, రోబో యంత్రము మున్నగు డిజిటల్ సాధనములు తోడైనవి. ఉప్పల్, నాచారము ప్రాంతములలోని మన కుటుంబములు వీని నెట్లు స్వీకరింపవలయును, ఎంతవఱకు నమ్మవలయును అనునదియే నేటి విషయము. మేము వైద్యులము గాము, సంఘకార్యకర్తలము. కావున వైద్యులు చెప్పవలసినది వైద్యులకే విడిచి, ఇంటిలోను సంఘములోను మనము చేయవలసినదానినే యెక్కువగా ముచ్చటింతుము.

మన ప్రాంతపు స్థితి

ఉప్పల్ ఒకనాడు వరంగల్లు బాటమీద నగరమునకు వెలుపలనున్న గ్రామము. ఆ బాట వెంబడినే ఆలేరు, భువనగిరి, పోచంపల్లి దిక్కులనుండి మనవారనేకులు బ్రతుకుదెరువునకై వచ్చి నాచారము పారిశ్రామికవాడ చుట్టుపట్లను, మల్లాపురము, రామంతాపురము బస్తీలలోను స్థిరపడిరి. అదే రహదారిమీద హబ్సిగూడయందు 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధనాలయమును, దాని చెంతనే సీసీఎంబీ యను జీవకణ పరిశోధనాలయమును ఉన్నవి. జీవకణముల మర్మమును శోధించు శాస్త్రజ్ఞుడును, మెదడులోని కణములు చచ్చి మంచమెక్కిన కార్మికుడును ఇరుగుపొరుగున నివసించుట మన ప్రాంతపు విశేషము. నాచారమున ఈఎస్ఐ వైద్యశాల కార్మిక కుటుంబములకు పెద్ద యండ. కావున వైద్యమునకు మనము మారుమూలల నున్నవారము గాము.

అయినను చిక్కెచ్చట ననగా, ఆసుపత్రినుండి యిల్లు చేరిన పిమ్మట. పక్షవాతము సోకినవారికి శిక్షణ వారమున కొకసారి చాలదు. పలుమారులు, నెలలతరబడి కావలయును. 2017 నవంబరులో నాగోలునుండి మియాపురమునకు మెట్రో రైలు ప్రారంభమైనది. ఉప్పల్‌లో నెక్కి, అమీర్‌పేటలో బండి మారి, పంజాగుట్టలో దిగినచో నిమ్స్ వైద్యశాల చెంతనే. ఈ ప్రయాణము ఆరోగ్యవంతునకు సుఖము. కుడికాలు ఈడ్చుకొనుచు, ఒక భుజము కొడుకుమీద వైచి నడచు ముసలివానికో? నాచారమువారు మెట్రో చేరుటకే ముందుగా నాటో కట్టించుకొనవలయును. ఉప్పల్‌నుండి నారపల్లి దిక్కునకు 2018లో నారంభమైన యెత్తు రహదారి పనులు ఏండ్లతరబడి సాగి, ఆ దారిలో రోగిని తరలించుట యెంత కష్టమో తూర్పు బస్తీలవారికి చవిచూపినవి. తోడు పోవువాని కా దినపు కూలి పోవును. ఇట్లు రెండు వారములు పోయి, మూడవ వారమున మానుదురు. చికిత్స వలన గుణము లేక గాదు, రాకపోకలు సాగక మానుదురు. మానిన చేయి బిగిసికొనిపోవును.

ముప్పది రెండును, తొమ్మిది వేలును

చచ్చుబడిన చేయి మరల నెట్లు కదలునో కొంచెము తెలిసికొందము. పక్షవాతమున చెడునది చేయి గాదు, మెదడులో ఆ చేతిని నడపు భాగము. రక్తనాళము మూసికొనిపోయినను, చిట్లినను ఆ భాగమునకు ప్రాణవాయువందక కణములు నశించును. నశించిన కణములు మరల బుట్టవు గాని, వాని చుట్టుపట్ల మిగిలిన కణములకు ఆ పనిని నేర్పవచ్చును. ఈ నేర్పు మందులవలన వచ్చునది గాదు, అభ్యాసమువలన వచ్చునది. ఒకే పనిని, ప్రయోజనముగల పనిని, మరల మరల, వందలకొలది పర్యాయములు చేయవలయును. నాడె విసరుట నేర్చుకొన్న పిల్లవానికి ఎన్ని దినములు పట్టెనో తలచుకొనుడు, ఇదియు నట్టిదే.

ఇచ్చట నొక లెక్క చెప్పుదుము. అమెరికా, కెనడా దేశముల పునరావాస కేంద్రములలో 312 చికిత్సా సమయములను పరిశీలించి 2009లో ప్రకటించిన వ్యాసముంబట్టి, చేతికి శిక్షణ యిచ్చు ఒక్కొక్క పర్యాయమున ప్రయోజనముగల కదలికలు సగటున 32 మాత్రమే. సకల సౌకర్యములుగల దేశములలోనే యిట్లున్నది! మన యాడపడుచులు తేలియా రుమాలునకో, పోచంపల్లి చీరకో ఆసు పోయునపుడు, ఒక చీరకు చేతిని సుమారు 9,000 మారులు ఇటునుండి యటు త్రిప్పుచుండిరి. ఆ లెక్క మన కులమున నందఱకు దెలిసినదే. అనగా మన తల్లుల భుజములరిగిపోవునంతగా కదలికలుండెను. రోగి భుజమునకు మేలుకొనుటకు చాలినన్ని లేవు. ఒకచోట నెక్కువ, మఱియొకచోట తక్కువ. రెండింటికిని యంత్రమే సాయపడవలసివచ్చినది.

మన యింటి దృష్టాంతము

యంత్రమనగానే మనలో పెద్దలు కొందఱు ముఖము చిట్లింతురు. మిల్లులు వచ్చి మగ్గములను మ్రింగినవి గదా యని వారి బాధ. ఆ బాధ న్యాయమైనది. కాని మన కులముననే మఱియొక విధమైన యంత్రము పుట్టినది. ఆలేరు మండలము శారాజీపేట గ్రామమునకు జెందిన శ్రీ చింతకింది మల్లేశముగారు, ఆసు పోయుచు భుజపు నొప్పితో విలపించు తల్లి లక్ష్మమ్మగారి బాధ జూడలేక, చదువు సాగకున్నను, ఋణములు పెరిగినను, ఊరివారు నవ్వినను లెక్కింపక, 1992 మొదలు ఏడేండ్లు శ్రమించి, నడుమ హైదరాబాదునకు వచ్చి విద్యుత్తు పనులు చేసికొనుచునే, 1999లో ఆసుయంత్రమును సాధించిరి. దానికి తల్లి పేరే పెట్టి లక్ష్మీ ఆసుయంత్రమనిరి. గంటలకొలది పట్టు పని గంటన్నరలో ముగియసాగినది. 2017లో భారత ప్రభుత్వము వారిని పద్మశ్రీ బిరుదముతో గౌరవించినది.

ఈ దృష్టాంతమున గమనింపవలసినది రెండు. మొదటిది: ఆ యంత్రము నేతగానిని తొలగించినది కాదు, ఆమె నొప్పిని తొలగించినది. పోగు పెట్టునది, రంగు తలచునది, పువ్వు కట్టునది నేటికిని మనిషియే. రెండవది: ఆ యంత్రము తల్లి యొడలి బాధ నెఱిగినవాడు, ఆమె ప్రక్కన గూర్చుండి చేసినది. ఈ రెండు గుణములును గల యంత్రము మనకు హితము. ఈ రెండును లేనిదానికి ధర యెంతయున్నను ఇంటిలో చోటు దండుగ.

సాధనముల వివరణము

డిజిటల్ సాధనములు పలు తెఱగులు. అన్నిటికన్న సులభమైనది వీడియో కాల్. చికిత్సకుడు తన కేంద్రమున గూర్చుండి, రోగి యింటిలో చేయు వ్యాయామమును చూచి దిద్దును. వైద్యులు దూరమునుండి సలహా యిచ్చుటకు 2020 మార్చి 25న భారత ప్రభుత్వము మార్గదర్శక సూత్రములను ప్రకటించినది; కరోనా దినములలో ఇది యందఱకు నలవాటైనది. రెండవది, ఆటల రూపమున శిక్షణ నిచ్చు పరికరములు. చేయి కదల్చినచో తెఱమీద బంతి కదలును, పాయింట్లు వచ్చును, విసుగు తెలియక రోగి వందల కదలికలు చేయును. ఇట్టి దొకటి మన ప్రాంతముననే పుట్టినది. ఐఐటీ హైదరాబాదు నీడలో పెరిగిన బీఏబుల్ హెల్త్ అను సంస్థవారు ఆర్మేబుల్ అను చేతి శిక్షణ పరికరమును చేసిరి. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవారును, ఐఐటీ మద్రాసువారును గలిసి మణికట్టుకును వ్రేళ్లకును ప్లూటో అను చిన్న రోబోను నిర్మించిరి. మూడవది, విదేశములనుండి వచ్చు పెద్ద నడక యంత్రములు. వీని వెలను బట్టి యివి పెద్ద వైద్యశాలలకే తగును. మన చర్చకు వీనితో పనిలేదు.

మన పొరపాటు

ఇక నొక యపరాధమును సభాముఖమున నొప్పుకొనవలసియున్నది. కొన్ని యేండ్ల క్రిందట మన సభ్యులలో నొకరికి, నాచారమున నొక కార్ఖానాలో ముప్పది యేండ్లు పనిచేసినవారికి, కుడివైపు పక్షవాతము వచ్చి మాటయు తడబడినది. పేరు చెప్పుట యవసరము గాదు. మనము చందాలు ప్రోగుచేసి, ఫోనుతో గలిసి పనిచేయు నొక చేతితొడుగు పరికరమును గొని, సభలో దండవేసి యిచ్చితిమి. ఆ దానము చేసిన దినమున తీసిన ఛాయాచిత్రమును అప్పటి సంచికలో ప్రచురించుకొంటిమి. ఆఱు వారములకు ఆ పరికరము బీరువామీదికి చేరినది. ఆ దినమున నెవరును ఛాయాచిత్రము తీయలేదు.

కారణములు విచారింపగా నెంతో స్వల్పములు. ఫోనులోని సూచనలన్నియు ఇంగ్లీషున నుండెను. తొడుగు తొడుగుటకు రెండవ మనిషి కావలయును. కొడుకు రాత్రి పాళి, కోడలు పగలు దుకాణములో పని. ఒకనాడు ఛార్జింగు లేదు, ఒకనాడు ఇంటర్నెట్టు లేదు. మాట పోయినవాడు ‘నాకిది తెలియలేదు’ అని చెప్పలేడు గదా! ఓడిపోయినట్లు తెఱమీద చూపుచుండగా, పెద్దమనిషి సిగ్గుపడి చేయి వెనుకకు దీసికొనెను. అది పరికరము తప్పు గాదు, దానిని చేసినవారి తప్పును గాదు. వస్తువు నిచ్చి మనిషిని ఇయ్యని మన తప్పు.

పరిశోధనలు చెప్పునది

ఇది మన యొక్కరి యనుభవము మాత్రమే యని తలంపవలదు. పెద్ద పరిశోధనలును ఇదే మాట వేఱు విధముగ జెప్పుచున్నవి. భారతదేశమున 14 వైద్యశాలలలో 1,250 మంది పక్షవాత రోగులతో అటెండ్ అను పరిశోధన జరిగినది. అందు రోగి బంధువునకు శిక్షణ యిచ్చి, ఇంటిలో వ్యాయామము చేయింపుమని పంపిరి. 2017లో లాన్సెట్ పత్రికలో ఫలితములు వెలువడినవి. ఆఱు నెలలకు మరణించినవారు, పరాధీనులైనవారు శిక్షణ పొందిన కుటుంబములలో నూటికి 47; పొందని కుటుంబములలోను నూటికి 47. అనగా ఇంటివారి మీద భారము మోపి చేతులు దులుపుకొన్న మాత్రమున ఫలము లేదు. అటుపిమ్మట స్ప్రింట్ ఇండియా యను పరిశోధనలో 31 కేంద్రములలో 4,298 మంది రోగులను జేర్చుకొని, వారిలో ఒక భాగమునకు ఫోను సందేశములను, వీడియోలను, పుస్తకమును 12 భాషలలో నందించిరి. మరల పక్షవాతము రాకుండ జేయుట దాని యుద్దేశము. 2023లో ప్రకటింపబడిన ఫలితములంబట్టి, పొగత్రాగుట, మద్యపానము, మందులు వాడుట యందు కొంత మేలు గనబడినది గాని, మరల వచ్చు వ్యాధి తగ్గలేదు. ఇంగ్లండు దిక్కున 770 మందితో జరిగి 2019లో వెలువడిన పరిశోధనలో, రోబోతో చేసిన చేతి శిక్షణ సామాన్య చికిత్సకన్న మిన్నగా చేతి సామర్థ్యమును పెంపలేదు.

అట్లయిన నీ సాధనములు వ్యర్థములా? కావు. అమెరికాలో 11 కేంద్రములలో 124 మంది రోగులతో జరిగిన మఱియొక పరీక్ష ఫలితములు అదే 2019లో వెలువడినవి. సగముమందికి చికిత్సాలయమున, సగముమందికి ఇంటిలో కంప్యూటరు ద్వారా, సమానమైన శిక్షణ. ఒక్కొక్కరికి 70 నిమిషముల చొప్పున 36 పర్యాయములు. వానిలో 18 పర్యాయములు చికిత్సకుడు చూచుచుండగా, 18 పర్యాయములు తమంతట తాము. ఫలితము: ఇంటిలో చేసినవారి చేయి ఆసుపత్రికి పోయినవారి చేతికి తీసిపోలేదు.

ఈ నాలుగింటిని ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. శిక్షణ పొందిన బంధువు మాత్రమే యున్నచోట ఫలము లేదు. సందేశము మాత్రమే వచ్చినచోట ఫలము చాలలేదు. రోబో మాత్రము గొప్పదైనచోట మేలు మిగులలేదు. చికిత్సకుని చూపు, యంత్రపు సౌకర్యము, తగినన్ని గంటల యభ్యాసము అను మూడును గూడినచోట దూరమను నడ్డంకి తొలగినది. ఒక్కొక్క పరిశోధన యుద్దేశము వేఱు, రోగులు వేఱు. అందుచేత వీనిని తక్కెడలో వైచి తూచరాదని యెఱుగుదుము. అయినను సంఘముగా మనము నేర్చుకొనవలసిన పాఠము స్పష్టము. యంత్రము పడుగు వంటిది. మనిషి పేక వంటివాడు. పడుగు మాత్రమే పఱచి, ఇది వస్త్రమని చెప్పిన నేతగాడు ఒప్పుకొనునా?

తరువాత జరిగినది

పైని జెప్పిన సభ్యుని సంగతి ముగింతుము. మన బస్తీలోనే ఫిజియోథెరపీ చదువుచున్న యొక కన్య, వారి గురువు ననుమతి యడిగి, వారమునకు మూడు సాయంత్రములు ఆ యింటికి పోవనారంభించినది. శనివారము శనివారము అర్హతగల చికిత్సకుడు వీడియోలో చూచి తప్పులు దిద్దెను. ఆ పెద్దమనిషి మనుమడు తెలుగున అక్షరములు వ్రాసి ఫోనుమీద నంటించెను. కూతురు సెలవునాడు వచ్చి, ప్రక్కన గూర్చుండి, “బాపూ, ఇంకొక్కసారి, ఇంకొక్కటే” యని బుజ్జగించెడిది. కొన్నాళ్లకు ఆటలు విసుగైనవి. అంతట ఆ కన్య ఆయన బాల్యమున మగ్గముమీద గూర్చున్నవారని విని, తెఱను ప్రక్కకు ద్రోసి, నూలు కండెను చేతికిచ్చినది.

అద్భుతములు జరిగినవని చెప్పము. ఆయన కార్ఖానాకు మరల పోలేదు. మాట పూర్తిగా రాలేదు. కాని ఆఱవ నెలలో తెగిన పోగు నొకదానిని కుడిచేయి పట్టియుంచినది. ముడి నెడమచేయి వేసినది. అది చూచి ఇంటివారందఱు నేడ్చిరి. నేడు తన చొక్కా గుండీలు తానే పెట్టుకొనును. గ్లాసు తానే యెత్తి నీరు త్రాగును. కోడలు పనికి పోవుచున్నది. పునరావాసమనగా ఇంతయే, ఇంతయే యనునది ఆ యింటికి ఎంతయో!

జాగ్రత్తలు

మొదటిది, కాలము. ముఖము వంకరపోవుట, చేయి జారిపోవుట, మాట తడబడుట, నడక తూలుట, చూపు మందగించుట, ఇవి యకస్మాత్తుగా గనబడినచో పసరు మందునకు పోవలదు, తెల్లవాఱువఱకు వేచియుండవలదు. వెంటనే 108కి ఫోను చేయవలయును. రక్తనాళము మూసికొనిపోయిన పక్షవాతమున, గడ్డను కరిగించు మందు సాధారణముగా నాలుగున్నర గంటలలోపలనే యియ్యబడును. అదియు స్కానింగు చేసి, తగునని వైద్యులు నిర్ణయించిన పిదపనే. ఆ గంటలు పోయిన తరువాత ఎంత గొప్ప యాప్ యైనను వానిని దిరిగి తేలేదు.

రెండవది, తొందర. యంత్రమున్నది గదా యని మొదటి దినముననే రోగిని లేపి శ్రమపెట్టరాదు. 2015లో వెలువడిన అవెర్ట్ అను పెద్ద పరిశోధనలో, 24 గంటలలోపల మిక్కిలిగా లేపి నడిపించినవారికి మేలునకు మాఱు కీడే కలిగినది. ఎప్పుడు, ఎంత యను మాట వైద్యునిది.

మూడవది, కాగితములు. 2016నాటి వికలాంగుల హక్కుల చట్టమున 21 విధముల వైకల్యములు చెప్పబడినవి. దీర్ఘకాలిక నాడీవ్యాధులు, పార్కిన్సన్ వ్యాధి యందులో గలవు. నూటికి 40 పాళ్లకు తక్కువ గాని వైకల్యమునకు ప్రభుత్వ వైద్యులచే పరీక్ష చేయించుకొని ధ్రువపత్రము పొందవలయును. మనలో ననేకులు పిల్లల పెండ్లి సంబంధములకు భంగమని ఈ పత్రమునే కోరరు. రోగిని వెనుక గదిలో దాచుదురు. ఇది రోగికిని, కులమునకును గూడ నవమానము.

నాలుగవది, రహస్యము. రోగి వీడియోలు, ఆధారు సంఖ్య, ఆరోగ్య వివరములు ఎవరికిబడితే వారికి పంపరాదు. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము వచ్చినది. కాని చట్టముకన్న ముందు మన జాగ్రత్త మేలు. మూడు వారములలో చేయి వచ్చునని ముందుగా రొక్క మడుగు యాప్‌లను, ప్రకటనలను నమ్మవలదు. అర్హతగల చికిత్సకుడు పేరు చెప్పి, ముఖము చూపి, బాధ్యత వహించని సాధనము మనకు వలదు.

పోషకులకు విన్నపము

పోషకమహాశయులారా! మీ యౌదార్యముననే మన విద్యార్థి వసతిగృహములును, కల్యాణమండపములును నిలిచినవి. ఈ విషయమున మే మడుగునది భవనము గాదు, పెద్ద యంత్రము గాదు.

ఉప్పల్‌లోగాని నాచారములోగాని నేలమట్టమున నున్న యొక గదిని, మెట్లులేని వాకిలితో, వెడల్పుగల తలుపుతో, దినమునకు మూడు గంటలు మాకు విడిచిపెట్టుడు. అందొక మంచి తెఱ, నమ్మదగిన ఇంటర్నెట్టు, రెండు బల్లలు, పట్టుకొని నడచుటకు జంట కమ్మీలు చాలును. ఇంటినుండి కదలగలవా రచ్చటికి వత్తురు. కదలలేనివారి యింటికి అచ్చటినుండి మనుష్యులు పోవుదురు.

ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, స్పీచ్ థెరపీ చదువు మన బాలబాలికలకు విద్యార్థివేతనము లేర్పఱచుడు. వారు చదువు చెడకుండ వారమునకు రెండు సాయంత్రములు, అర్హతగల చికిత్సకుని పర్యవేక్షణమున, రోగుల యిండ్లలో సేవచేయుదురు. చికిత్సకునకు న్యాయమైన ప్రతిఫల మీయవలయును. సేవ పేరిట వారి పనిని ఉచితముగ గోరుట ధర్మము గాదు. మన నేత కూలిని తగ్గించి యడుగువారిని మన మేమనుచున్నామో తలచుకొందము.

పరికరములను దానముగ నిచ్చుట మాని, అరువుగ నిచ్చు భాండార మొకటి స్థాపింతము. ఒకరికి పని తీరిన పరికరము కడిగి, బాగుచేసి, మఱియొకరికి బోవలయును. ప్రతి పరికరమునకు నొక లెక్కపుస్తక ముండవలయును: ఎవరి యింట నున్నది, వారమునకు నెన్ని నిమిషములు వాడిరి, మానిన నేల మానిరి. వచ్చు సంవత్సరము ఈ సంచికలో దాతల ఛాయాచిత్రములకు తోడుగా ఆ పుస్తకపు లెక్కనుగూడ ప్రకటింతము. లెక్క తక్కువయైన దాచకుండ ప్రకటింతము.

సూచనలన్నియు తెలుగున, మన యిండ్ల తెలుగున, రికార్డు చేయింతము. మాట పోయినవానికి పుస్తకభాష వలదు. వాని భార్య గొంతు కావలయును.

సోదరీమణులారా! కడపటి మాట మీకు జెందినది. ఈ వ్యాధి యే యింట బ్రవేశించినను, దాని భారము కోడలిమీదనో, భార్యమీదనో, పెండ్లి గాని కూతురిమీదనో పడుచున్నది. ఆమె చదువు ఆగును, పని మానును, నడుము పడిపోవును. ఆమెకు నెవరును దండ వేయరు. మేము కోరు గదియు, విద్యార్థులును, యంత్రములును రోగికొఱకే గాదు. ఆమెకు వారమున కొక పూట విశ్రాంతి కొఱకును. ఈ ప్రయోజన మొక్కటి నెఱవేరినను మా శ్రమ ఫలించినట్లే.

ఇది మన కులసభలో తలపెట్టిన కార్యమే గాని, ఆ గది వాకిట కుల మడుగుటకు మేమొప్పము. కార్ఖానాలో మన ప్రక్క యంత్రముమీద నిలిచినవాడు ఏ కులమువాడైనను, వాని చేయి పడిపోయిననాడు అది మన చేయియే. మన పూర్వులు నేసిన వస్త్రము మన కులము వారొక్కరే కట్టిరా? లోకమెల్ల గట్టినది.

సభ్యులారా! ఆలేరునొద్ద నొక కుమారుడు తల్లి భుజపు నొప్పిని జూచి ఏడేండ్లు శ్రమించెను. మనకు ఏడేండ్లు వలదు. మన బీరువాలమీద దుమ్ము పట్టిన పరికరములు కొన్ని యున్నవి. మన యిండ్లలో తీరికయున్న సాయంత్రములు కొన్ని యున్నవి. మన వీధులలో లేవని చేతులు కొన్ని యున్నవి. ఈ మూటిని గలుపుటకు మధ్యాహ్నపు సమావేశమున తీర్మానము ప్రతిపాదింపబడును. దానిని కరతాళధ్వనులతో గాక, మీ మీ పేరుల నెదుట గంటల లెక్క వ్రాసి యామోదింప వేడుచున్నాము.